ప్రెస్ మీట్‌కి రాని తోకచుక్క

హరిబాబు శవం భావనపాడు దగ్గర చేపలకని లాగిన వలలో వచ్చింది. మెడ చుట్టూ తాడు గీత. వచ్చిన పోలీసులు చూసి, తాగి పడిపోయి ఉంటాడని తేల్చేసి, సంతకాలు పెట్టుకుని వెళ్లిపోయారు. హరిబాబు జన్మలో తాగలేదు. పైకి విదేశీ పరిశోధన ఓడలో ఎలక్ట్రీషియను. లోపల మన మనిషి. ఆ ఓడ పరిశోధించేదల్లా మన జలాంతర్గాములు ఎటు పోతున్నాయన్నదే.

మూడో రోజున కొత్తవలస రైల్వే స్టేషన్ రిటైరింగ్ రూమ్‌లో ఏజెంట్ తులసికి బ్రీఫింగ్ జరిగింది. ఇచ్చినవాడు చీఫ్ గణపతిరావు. ఏసీ పనిచెయ్యడం లేదు, కానీ ఆయన కోటు విప్పలేదు.

"ఆపరేషన్ ధూమకేతు," అన్నాడు గొంతు తగ్గించి.

తోకచుక్క వ్యవహారానికి రహస్యంగా పెట్టిన పేరు ధూమకేతు! దొంగని పట్టుకోడానికి వెళ్తూ ఆపరేషన్ దొంగ అని బోర్డు కట్టుకున్నట్టుంది. ఈ పేరు కోసం ముగ్గురు ఆఫీసర్లు విశాఖ హోటల్లో రెండు పూటలు భోంచేశారని తులసికి తెలుసు.

తులసిది కళింగపట్నం పక్క మత్స్యకార పేట. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, కొన్నాళ్లు టెలిస్కోపు పట్టుకుని గ్రహశకలాల వెంట పడి, తరవాత మనుషుల వెంట పడే ఉద్యోగంలో చేరింది. గ్రహశకలాలే నయం, చెప్పిన దారిలో పోతాయి అంటుంది.

"హరిబాబు పేరు ఓడకి ఎలా చేరింది? ఫోన్లు విన్నాం. మెయిళ్లు చదివాం. నిల్! తోకచుక్క రిపోర్టుల్లో అని ఒక కబురొచ్చింది, కానీ వాటిలో అన్నీ అంకెలే!"

"ఆకాశం గుండా చేరింది సార్," అని తులసి ల్యాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది.

ప్రపంచంలో ఎవరు తోకచుక్కని చూసినా, గ్రహశకలాన్ని చూసినా ఒక అంతర్జాతీయ కేంద్రానికి రిపోర్టు పంపుతారు. ఒక్కో పరిశీలనకి ఒక్కో వరస. ఏ వస్తువు, ఏ క్షణంలో, ఆకాశంలో ఏ చోట, ఎంత వెలుగు, ఏ స్టేషన్ నుంచి. ప్రతి అంకెకీ ఒక గడి. గడి దాటితే యంత్రమే వెనక్కి కొడుతుంది. అన్నీ సరిపోతే కేంద్రం దాన్ని లోకమంతటికీ ప్రచురిస్తుంది. పైసా ఖర్చు లేదు, అనుమానం లేదు.

"ఎవరు కొలిచినా చివరి అంకెల్లో కాస్త పొరపాటు ఉంటుంది సార్. దాని గురించి ఎవరూ అడగరు. రాజాంలో ఒక టెలిస్కోపు స్టేషన్ నుంచి వచ్చే రిపోర్టుల్లో ఆ పొరపాటే సందేశం. పోయిన నెల వచ్చిన ఒక గ్రహశకలం వరసల్లో చివరి అంకెలు, అంకెలకి అక్షరాలు వేసి, నిన్న కలిపి చదివాను. హరిబాబు అని వచ్చింది."

గణపతిరావు కోటు విప్పాడు.

"తరవాతి పేరు మాకు తెలుసు," అన్నాడు మెల్లగా. "కూర్మయ్య. ఓడలో వంటవాడు."

కూర్మయ్యని ఈ పనిలోకి దింపింది తులసే. తన పేటలోనే ఉండే, అక్క వరస అయిన అతని పెళ్లాం లక్ష్మణమ్మ ముందు కూర్చుని, "నీ పెనిమిటిని నాను ఇంటికి తెస్తానప్పా" అని మాటిచ్చింది కూడా.

"ఎవరు చెప్పారు?"

"మురళీమోహన్."

మురళీమోహన్ డబుల్ ఏజెంట్. ఆరడుగుల మనిషి, నల్ల కళ్లద్దాలు, దూరం నుంచే తెలిసే సెంటు. మన రహస్యాలు ఆ ఓడకి అమ్మే ముఠా దగ్గర జీతం, మన దగ్గర జీతం. అటు కబురు ఇటూ, ఇటు కబురు అటూ అమ్మి ఇద్దరి దగ్గరా కమిషన్ కొట్టే రకం. అతను నవ్వితే గణపతిరావు కూడా పళ్లు కనిపించేలా నవ్వుతాడు.

"కూర్మయ్య పేరు మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు కదా సార్. ముఠాకెలా తెలిసింది?"

చీఫ్ కిటికీలోంచి కిరండూల్ గూడ్సు బండిని శ్రద్ధగా చూశాడు. "మాటల్లో ఒకసారి... మురళీమోహన్ దగ్గర... చాలా పాలిష్డ్ ఫెలో తులసీ!"

ఒక మనిషి ప్రాణం ఆయన మాటల్లో జారిపోయింది. అదీ పకోడీ తింటూ జారి ఉంటుంది. తులసికి ఒళ్లు మండింది. పెద్దాయన కాబట్టి ల్యాప్‌టాప్ మాత్రం విసురుగా మూసింది.

మిగతాది గణపతిరావు గబగబా చెప్పాడు. కూర్మయ్య పేరున్న రిపోర్టు ఇప్పటికే విదేశీ సర్వర్‌లో ఉంది. రేపు తెల్లారాక దానంతటదే ఆ అంతర్జాతీయ కేంద్రానికి వెళ్తుంది. రాజాంలో అందర్నీ అరెస్టు చేసినా ఆగదు. కేంద్రం పది గంటలకి ప్రచురిస్తుంది. ఓడలో వాళ్లు చదువుతారు. ఆ ఓడ మధ్యాహ్నం మంచినీళ్లకి విశాఖ హార్బర్‌కి వస్తుంది. కూర్మయ్య కాలు గట్టున పడేదాకా ఆ పేరు బయటికి రాకపోతే బతుకుతాడు. వస్తే ఓడ అసలు హార్బర్‌కే రాదు. సిబ్బంది ఫోన్లన్నీ కెప్టెన్ బీరువాలో ఉన్నాయి కాబట్టి అతనికి కబురు పంపే దారి లేదు.

"కేంద్రం ఎడిటర్‌తో మాట్లాడాను. ఆవిడేమందో తెలుసా? ప్రభుత్వాల మాట మీద మేం ఏదీ ఆపం, ఆకాశం మాట మీద ఆపుతాం అంది. పొగరు!"

తులసికి ఆ ఎడిటర్ చాలా నచ్చింది. "ఈసారి ఏ తోకచుక్క మీద పంపుతున్నారు సార్?"

"పేరు గుర్తులేదు. సూర్యుడి వెనక్కి పోయి రేపు తెల్లవారుజామునే మళ్లీ కనపడుతుందట. అందరికంటే ముందు తానే చూశానని రాసుకున్నాడు ఆ రాజాం స్టేషన్ నడిపే రమేష్‌బాబు. పదింటికి ప్రెస్ మీట్ కూడా పెట్టాడు."

"రేపు చూడబోయేదాన్ని ఇవాళే చూసేశాడా?" అంది తులసి. మూడు రోజుల తరవాత మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది.

*

రాజాంలో రమేష్‌బాబు అకాడమీ మూడంతస్తులు. కింద షట్టర్లలో ఎరువుల కొట్లు, మధ్యలో ర్యాంకుల కోచింగు, పైన గుండ్రటి డోము. పేరు ముందు డాక్టర్. ఆ డాక్టరేటు ఇచ్చిన యూనివర్సిటీకి వెబ్‌సైటు ఉంది గానీ వీధి లేదు. టెలిస్కోపు ముఠా వాళ్లు కొనిచ్చారు. దానితోపాటు దేశం పరువు కూడా కొనుక్కున్నారు. చౌకగానే వచ్చింది.

తులసి గంట్యాడ నుంచి వచ్చిన రైతు భార్యలా, నేత చీరతో, చేతిలో సంచితో, కొడుకుని చేర్చాలని వచ్చింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గుండీ కెమెరా అప్పటికే వేడెక్కి జాకెట్టు కాలుస్తోంది. తీసి సంచిలో పడేసింది.

"మా వాడికి నచ్చత్రాలంటే పిచ్చి బాబూ. ఆ దుర్బిణీ ఒక్కసారి సూపిస్తారా?"

రమేష్‌బాబు పొంగిపోయాడు. "దుర్బిణీ కాదమ్మా, అబ్జర్వేటరీ! రేప్పొద్దున నా తోకచుక్కతో ఈ రాజాం పేరు ప్రపంచమంతా మారుమోగిపోతాది. కుర్రాణ్ణి తీసుకొచ్చీ, ఫీజు సంగతి ఆఫీసులో మాటాడుకో."

పైకి తీసుకెళ్లాడు. డోముకి ఉన్న చీలిక తుప్పు పట్టి పడమటివైపు ఇరుక్కుపోయింది. అందులోంచి రైసుమిల్లు గొట్టం తప్ప ఏమీ కనపడదు. తోకచుక్క తూర్పున కదా రావాల్సింది! టెలిస్కోపు మూతి మీద మూత అలాగే ఉంది, మూత మీద పావురం గూడు పెట్టి గుడ్లు పొదుగుతోంది. ఈ స్టేషన్ నుంచి రెండేళ్లుగా వందల రిపోర్టులు వెళ్లాయి. తల ఎత్తి ఆకాశం వైపు చూసిన పాపాన పోలేదు వెధవ.

"మరి తోకసుక్కే కావాలా బాబూ? సిన్న సిన్న రాళ్లు బోలెడు తిరగతాయటగా పైన?" అని అమాయకంగా అడిగింది.

"రాళ్ల ఫొటో పేపరోడు వేస్తాడేటమ్మా? తోకచుక్కయితే ఫ్రంట్ పేజీ!" అన్నాడు రమేష్‌బాబు. ఎవరూ పట్టించుకోని రాయి మీద పంపమన్నారు ముఠా వాళ్లు. ఫొటో కోసం ఈయనే పట్టుబట్టి తోకచుక్కకి మార్పించుకున్నాడు. గోడ వారగా ఫ్లెక్సీ ఎండుతోంది. అందులో తోకచుక్క కంటే రమేష్‌బాబు తల పెద్దగా ఉంది.

కిందికి దిగుతుంటే టిఫిన్ సెంటర్లో మురళీమోహన్ పెసరట్టు తింటున్నాడు. గణపతిరావు ఖరారు చేసిన కోడ్ వాక్యం అతను పది బల్లలకీ వినపడేలా అన్నాడు.

"శుక్రుడు ఎర్రగా ఉన్నాడు!"

"మబ్బు పట్టింది," అని తులసి గొణిగింది. సర్వరు ఇద్దర్నీ వింతగా చూశాడు.

"తులసిగారూ, నా మాట వినండి," అన్నాడు పక్కకొచ్చి, చట్నీ వేలు నాకుతూ. "ఇది ముగిసిపోయిన కథ. వంటవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి."

"హరిబాబు పేరు అమ్మినప్పుడు కూడా ఇలాగే పెసరట్టు తిన్నావా?"

మురళీమోహన్ కళ్లద్దాలు సర్దుకుని నవ్వాడు. కానీ ఆ అట్టు సగంలోనే వదిలేశాడు.

*

తూర్పు తెల్లబడకముందే తులసి కళింగపట్నం ఇసుకలో కాలేజీ నాటి తన టెలిస్కోపు నిలబెట్టింది. సముద్రం మీద తూర్పు ఆకాశం శుభ్రంగా ఉంది. మనకంటే ముందు తెల్లారే జపానులో తుఫాను. ఆస్ట్రేలియాకి ఆ తోకచుక్క కనపడే వీలే లేదు. ముందుగా చూడాల్సింది ఇక్కడివాళ్లే.

కాస్త దూరంలో పేట జనం వల తాళ్లు సర్దుకుంటున్నారు. లక్ష్మణమ్మ తడి గోనెలో ఐసు చుట్టుకుని బుట్ట దగ్గర నిలబడింది. తులసి ఆమె దగ్గర ఏమీ దాచలేదు.

"ఆ సుక్కలో మా మావ పేరు రాసినారా?" అంది లక్ష్మణమ్మ.

"సుక్కలో కాదప్పా, సుక్కని సూసినామని రాసిన కాయితంలో. ఆళ్లు సూడలేదని నాను సూపించాల."

"సూడకుండా సూసినామన్నారా? ఆళ్ల మొకాలు మండ! బేగి కానీ."

కెమెరా మీద బొమ్మలు ఒకటొకటిగా వచ్చాయి. తులసి వాటిని కలిపి, లెక్క ప్రకారం తోకచుక్క ఉండాల్సిన చోట చూసింది. లేదు. మళ్లీ చూసింది. అక్కడ ఒక పొడుగాటి పల్చని మసక, చెరిపేసిన సుద్దగీతలా ఉంది. తల లేదు, తలలో ఉండాల్సిన చుక్కా లేదు.

సూర్యుడి వేడికి తోకచుక్క ముక్కలైపోయింది.

రమేష్‌బాబు అంకెలకీ తన అంకెలకీ తేడా చూపించాలని కదా వచ్చింది! ఇప్పుడు కొలవడానికే ఏమీ లేదు. రిపోర్టులో చోటు రాయాలంటే ఒక చుక్క కావాలి. మసకకి ఏ చోటని రాస్తుంది? లేనిదాన్ని ఏ గడిలో పెడుతుంది? దేవుడా, కూర్మయ్యా అనుకుంది తులసి.

అప్పుడు వెలిగింది. తనకి అంకెలు అక్కర్లేదు! రమేష్‌బాబు రాసిన వరసలో చోటు ఉంది, నిండు వెలుగు ఉంది, తోక కూడా ఉంది. లేని తోకచుక్కని నిక్షేపంగా చూసేశాడు! సిగ్గులేనివాడి అబద్ధానికి ఆకాశమే సాక్ష్యం చెప్పింది.

"అప్పా, తోకసుక్క ఇరిగిపోనాది!" అని అరిచింది.

"అది మంచిదా, సెడ్డదా?"

"మంచిదే! ఇంకో నాలుగు బొమ్మలు తియ్యాల, తెల్లారిపోకముందు."

అప్పుడే ఇసుక మీద కారు వచ్చి ఆగింది. హెడ్‌లైట్లు రెండూ సూటిగా టెలిస్కోపు మీద పడ్డాయి. తెర మొత్తం తెల్లబడిపోయింది. సెంటు వాసన ముందొచ్చింది, తరవాత మురళీమోహన్, తరవాత అతని చేతిలో వెండిరంగు పిస్తోలు. నువ్విక్కడ ఉన్నావని ఎవరు చెప్పారని తులసి అడగలేదు. అడగడం దండగ. చీఫ్ మళ్లీ మాటల్లో జారి ఉంటాడు.

"పక్కకి జరగండి తులసిగారూ. రేపు నాకు సెకండ్ పేమెంట్ ఉంది. మీవల్ల పోతే బాధపడతాను."

"కూర్మయ్యకి పెళ్లాం ఉందని తెలుసా నీకు?"

"ప్రతివాడికీ ఎవరో ఒకరు ఉంటారండీ. వాళ్లందర్నీ చూస్తూ కూర్చుంటే బిజినెస్ జరగదు."

ఆ మాట అన్నవాడు తన వెనకే ఆ పెళ్లాం నిలబడి ఉందని చూసుకోలేదు. లక్ష్మణమ్మ పడవలోంచి తెడ్డు తీసింది. ఒక్కటి వేసింది, మణికట్టు మీద. పిస్తోలు ఇసుకలో పడింది. రెండోది ఎక్కడ వేసిందో చెప్పడం మర్యాద కాదు.

"ఏటిరా? సెంటు కొట్టుకొని మా సముద్రానికొచ్చి మా మావని అమ్ముతావా? ఒరే అప్పన్నా, ఈణ్ణి పట్టుకోండర్రా!"

తాళ్లు లాగే చేతులు పదిమందివి అతని మీద పడ్డాయి. ఆరడుగుల అందగాడు "అమ్మా" అని కీచుగా అరిచాడు. లక్ష్మణమ్మ ఐసు గోనె తీసి హెడ్‌లైట్ల మీద కప్పేసింది. చీకటి వెనక్కొచ్చింది. తులసి నాలుగు కాదు, ఏడు బొమ్మలు తీసింది. అప్పటికి సముద్రం ఎర్రబడింది.

బొమ్మలు పంపి, కింద మూడే వాక్యాలు రాసింది. తోకచుక్కకి తల లేదు. చోటు కొలవడం సాధ్యం కాదు. కొలిచామన్నవాళ్లు చూడలేదు.

ఎడిటర్ జవాబు వెంటనే వచ్చింది. బొమ్మలు బాగున్నాయి, కానీ ఒక్కరి మాట చాలదు. ఇంకొకరు కూడా చూడాలి. టర్కీలో ఒక పరిశీలకుణ్ణి లేపాను. అక్కడ తెల్లవారాలి.

తులసి ఫోను చేతిలో పెట్టుకుని రాజాం జీపెక్కింది. ఇక్కడ మొదలైన వేకువ ఇరాన్ దాటి, టర్కీ దాకా వెళ్లాలి. దాన్ని తొందరపెట్టే గాడ్జెట్టు ఏ డిపార్ట్‌మెంట్ దగ్గరా లేదు.

*

ప్రెస్ మీట్ అకాడమీ హాల్లో. షామియానా, శాలువాలు, ప్లేట్లలో జీడిపప్పు ఉప్మా. విలేకరులు ఉప్మా మీద ఉన్నారు. రమేష్‌బాబు వెనక పెద్ద తెర వేసి, కేంద్రం వెబ్‌పేజీ తెరిచిపెట్టాడు. పదింటికి తన స్టేషన్ పేరు అక్కడ పడితే అందరూ చప్పట్లు కొట్టాలని పిల్లలకి ముందే రిహార్సల్ వేయించాడు.

"ఈ తెల్లవారుజామున ఈ కళ్లతో చూశాను," అన్నాడు మైకులో. "ఎంత తోక! ఎంత వెలుగు! నాకు కన్నీళ్లాగలేదు."

తులసి వెనక వరసలో కూర్చుంది. ఫోనులో ఏమీ లేదు. టర్కీలో మబ్బు పట్టిందేమో. ఆయన మళ్లీ పడుకున్నాడేమో. రమేష్‌బాబు రిపోర్టు అప్పటికే కేంద్రానికి చేరి వరసలో ఉంది. కూర్మయ్య ఇప్పుడు ఓడలో మధ్యాహ్నానికి పప్పు పొయ్యి మీద పెడుతూ ఉంటాడు. తన పేరు కోసం ఎవరెక్కడ కాచుకుని ఉన్నారో అతనికి తెలీదు. ఈ ఉప్మా మనుషుల మధ్య అతని ప్రాణం తెర మీద ఆడుతోందని తులసికి గొంతు చించుకుని అరవాలనిపించింది.

పదయింది. పేజీ గిర్రున తిరిగి ఆగింది. పిల్లలు చప్పట్లు మొదలెట్టారు.

తెర మీద అంకెల వరసలు లేవు. నాలుగు పంక్తుల నోటీసు ఉంది. ముందు వరసలో ఉన్న ఇంగ్లీషు పేపరు విలేకరి పైకి చదివి తెలుగులో చెప్పాడు.

"తోకచుక్క పూర్తిగా విచ్ఛిన్నమైంది. కళింగపట్నం నుంచీ, టర్కీ నుంచీ ధ్రువీకరించారు. నిండుగా కనపడిందంటూ రాజాం స్టేషన్ పంపిన రిపోర్టు కల్పితం. ప్రచురించడం లేదు. ఆ స్టేషన్ పాత పరిశీలనలన్నీ తొలగించాం. కోడ్ రద్దు చేశాం."

రిహార్సల్ బాగా అయినందువల్ల పిల్లలు చప్పట్లు ఆపలేదు.

ఉప్మా తింటున్న పెద్దాయన ప్లేటు కింద పెట్టి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "సార్, అది లేదంతన్నారు. మరి మీరు పొద్దున్న దేన్ని సూసినారు?"

రమేష్‌బాబు మైకు కింద పెట్టాడు. పక్క గుమ్మం వైపు నడిచాడు. అక్కడ మఫ్టీలో ఉన్న ఇద్దరు శాలువాతో సహా పట్టుకున్నారు. నిమిషంలో అంతా చెప్పేశాడు. అడగనివి కూడా చెప్పాడు. దేశాన్ని అమ్మినవాడికి కాస్త పొగరైనా ఉంటుందనుకుంది తులసి. అదీ లేదు, మైకు తీసేస్తే మనిషే మిగల్లేదు.

*

మధ్యాహ్నం దాటాక విశాఖ హార్బర్ గేటు బయట లక్ష్మణమ్మ ఎండలో నిలబడింది. నీడలోకి రమ్మంటే రాలేదు. గణపతిరావు కారులో కూర్చుని ఆపరేషన్ ధూమకేతు తన ప్లాన్ ప్రకారమే నడిచిందని ఢిల్లీకి చెబుతున్నాడు. చెప్పనీ అనుకుంది తులసి. ఆయన మాటలు ఇంకెక్కడా జారకుండా బదిలీ కాయితం పొద్దున్నే బయల్దేరిందని ఆయనకింకా తెలీదు.

కూరగాయలు తేవడానికని సంచి పట్టుకుని కూర్మయ్య గేటు దాటాడు. పెళ్లాన్ని చూసి ఆగిపోయాడు. లక్ష్మణమ్మ పరుగెత్తలేదు. దగ్గరికి వచ్చేదాకా చూసి, రెండు చేతులతో అతని మొహం పట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

"సిక్కిపోనావు మావా. వంటోడివి నివ్వే, తిండి నేదేటి?"

"ఏటయినాదే? నివ్వేటి ఇక్కడ? ఆ కూడు ఉడికిపోతాది, నాను బేగి ఎల్లాల..."

"ఎల్లక్కర్లేదు బావా," అంది తులసి. "ఇంకెప్పుడూ ఎల్లక్కర్లేదు. నీ పేరు ఆళ్లకి సేరబోయింది. తోకసుక్క ఇరిగిపోయి బతికిపోనావు."

కూర్మయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆకాశం వైపు ఒకసారి చూశాడు. రెండేళ్లు విదేశీ ఓడలో గరిటె తిప్పినవాడికి వెంటనే వచ్చిన అనుమానం ఒక్కటే.

"ఆ తోకసుక్క మనదా, ఆళ్లదా?"